పెరటి వసారాలో గొలుసుకట్టు

అనంతపద్మనాభంగారి రచనల సంపుటం పోయిన డిసెంబరులో అచ్చయింది. అందులో మొదటి నాలుగు పేజీలూ కృతజ్ఞతలే. కాగితం సంపాదించినవారికి, అట్టమీద బొమ్మ వేసినవారికి, సభకి షామియానా ఇచ్చినవారికి, ఆఖరికి సభలో సోడాలు ఇప్పించినవారికి కూడా పేరుపేరునా నమస్కారాలున్నాయి. నా పేరూ ఉంది. ‘గొలుసుకట్టు రాతను చదివి శుద్ధప్రతి సిద్ధం చేసిన పండితులు శ్రీ నారాయణమూర్తిగారు’ అని. ఆ వాక్యం చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఇంకెవరిమీదా కాదు, నామీదే.

ఆ నాలుగు పేజీల్లో లేని పేరు అలివేలుమంగమ్మగారిది. రామతీర్థంలో అడ్డాకుల విస్తళ్ళు కుట్టుకుని బతికిన మనిషి. ఈ ఆషాఢంలో పోయారు. ఆవిడ గురించి ఎవరూ సభ పెట్టరు. అందుకని నేను రాస్తున్నాను.

ముందే చెబుతున్నాను, నేను చాలా అలిసిపోయి ఉన్న మనిషిని. విజయనగరంలో ఒక హైస్కూల్లో ఇరవై ఏళ్ళుగా తెలుగు చెబుతున్నాను. అవే పద్యాలు, అవే అలంకారాలు, అవే ఆవలింతలు. కాబట్టి దీంట్లో ఎక్కడైనా విసుగు వినిపిస్తే అది నాది. మంగమ్మగారికి విసుగు ఉండేది కాదు. ఆవిడది ఉత్త అలసట. ఎవరినీ ఏమీ అనని అలసట.

అనంతపద్మనాభంగారు పందొమ్మిదివందల ముప్ఫై తొమ్మిదిలో పోయారు. మా జిల్లా రచయితల్లో ఆయన పేరు తెలియని చదువరి లేడు. ఆయన కథల్లోకెల్లా పెద్ద పేరు తెచ్చుకున్నది ‘సుభద్ర బడి’. పదకొండేళ్ళకే భర్త పోయిన సుభద్ర అనే అమ్మాయిని తండ్రి ఊరందరినీ ఎదిరించి పట్నం పంపి చదివిస్తాడు. ఆ అమ్మాయి టీచరై, తనను వెలేసిన ఊళ్ళోనే బడి పెడుతుంది. ఆ కథ చదివి ఎంతమంది ఏడ్చారో, ఎంతమంది ఆడపిల్లల్ని బడికి పంపారో లెక్కలేదు. నేనే పదిహేనేళ్ళుగా పిల్లలకి ఆ కథ చదివి వినిపిస్తూ, ప్రతి ఏడూ ఒకే చోట గొంతు పూడిపోయి ఆగిపోతూ వచ్చాను.

నలభై ఆరులో ఆయన పేరున ఒక స్మారక సంఘం ఏర్పడింది. బట్టల కొట్టు కాశీవిశ్వనాథంగారు అధ్యక్షులు. మా స్కూలు నడిపే కమిటీలోనూ ఆయనే పెద్ద. ఆయన పిలిస్తే నేను పలకక తప్పదు. శుద్ధప్రతి రాయడానికి నన్ను పిలిచారు.

రచయితగారి కొడుకు ధర్మారావుగారు, ప్లీడరు, అటకమీద నుంచి ఒక ట్రంకుపెట్టె దింపించారు. అందులో తొమ్మిది నోటుపుస్తకాలు, దినచర్యా చిత్తురాతలూ కలగలిపి ఏటికొకటి. ఒక్కొక్క అట్టమీద ఒక్కొక్క తెలుగు సంవత్సరం పేరు: శుభకృత్ మొదలు సాధారణ దాకా. చివరి రెండింటిలో ఎవరూ చూడని నవల ఒకటి ఉందని ఆయన బతికుండగా చెప్పేవారట. తీరా తెరిస్తే అంతా గొలుసుకట్టు.

ఈ కాలం పిల్లలకి గొలుసుకట్టు అంటే తెలియదు. పూర్వం కరణాలు కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడివేసుకుంటూ, మాటకి మాటకి ఎడం లేకుండా, తలకట్లు ఎగ్గొట్టి రాసుకుపోయేవారు. చూస్తే చీమలబారు వంకరపోయినట్టు ఉంటుంది. అచ్చుకి ఇచ్చేవన్నీ అనంతపద్మనాభంగారు విడి అక్షరాల్లోనే రాసేవారు. తనకోసం రాసుకున్నవి మాత్రం కుర్రతనంలో కరణీకం నేర్చిన చేత్తో రాసుకున్నారు. కాలేజీ పండితులిద్దరు వచ్చి చూసి, భూతద్దం పెట్టి చూసి, కాఫీ తాగి వెళ్ళిపోయారు. గజపతినగరం నుంచి ఒక ముసలి కరణాన్ని తీసుకొచ్చాం. ఆయన రెండు పేజీలు తిప్పి, “ఇది మా ఇంటి చెయ్యి కాదు బాబూ. ఒక్కో ఇంటిది ఒక్కో గొలుసు. ఇది రామతీర్థం కూర్మనాథం చెయ్యిలాగున్నాది. ఆడు ఎప్పుడో పోయేడు. కూతురుండాలి, చూడండి,” అన్నాడు.

అలా నేను రామతీర్థం వెళ్ళాను. నెల్లిమర్లలో రైలు దిగి, అక్కణ్ణుంచి జట్కా. కొండకింద వీధిలో ఒక పెంకుటింటి అరుగుమీద, తెల్లచీర ముసుగు కప్పుకుని, ఒళ్ళో ఆకులు, నోట్లో వెదురు పుల్ల పెట్టుకుని కూర్చున్నారు మంగమ్మగారు. యాభై నాలుగేళ్ళట. డెబ్బైలా ఉన్నారు. కళ్ళలో శుక్లాలు దిగుతున్నాయి. విస్తరి కుట్టడానికి కళ్ళు అక్కర్లేదని తరవాత ఆవిడే చెప్పారు, వేళ్ళకే తెలుస్తుందని.

నేను తీసుకెళ్ళిన పుస్తకాన్ని చెయ్యి చాపినంత దూరాన పట్టుకుని, వెలుగు కోసం అటూ ఇటూ తిప్పారు. నోట్లో పుల్ల తీసి పక్కన పెట్టారు. ఆ తరవాత తడుముకోకుండా ఒక పేజీ చదివేశారు. చదవడం అయ్యాక ఆవిడ పేజీమీద అరచెయ్యి ఆనించారు.

“మా నాన్న చెయ్యే ఇది,” అన్నారు. “ఇద్దరూ ఒక్క గురువు దగ్గర రాత నేర్చుకున్నారు. ఒకే పీటమీద కూర్చుని రాసీవారట. మా నాన్నకి చేతులు వణుకు వచ్చీసేక లెక్కలన్నీ నేనే చదివేదాన్ని, నేనే రాసేదాన్ని. బయటికి తెలిస్తే ఊరుకోరని ఆయనే సంతకం పెట్టీవారు.”

విజయనగరం వస్తారా అని అడిగాను. భోజనం, బస ధర్మారావుగారింట్లోనే అన్నాను. ఆవిడ వాటి సంగతి విననట్టే ఉండి, “కీలక ఉన్నాదా బాబూ? కీలక నామ సంవత్సరం పుస్తకం?” అని అడిగారు.

ఉందన్నాను. ఏడోది.

“అయితే వస్తాను.”

కీలక ఎందుకో ఆవిడ నాకు జట్కాలో చెప్పారు. ఎనిమిదో ఏట పెళ్ళి, పదకొండో ఏట వైధవ్యం. పదహారో ఏట, కీలకలో, తండ్రి కూర్మనాథంగారు తన స్నేహితుడు అనంతపద్మనాభం దగ్గరికి వెళ్ళి, “నా తరవాత ఈ పిల్ల గతేటి? విశాఖపట్నంలో ఆడవాళ్ళకి టీచరు పని నేర్పే బడి ఉన్నాదట. నువ్వు పేరున్నవాడివి, ఒక ఉత్తరం ముక్క రాయి,” అని అడిగారట. ఆయన రాశారు. జవాబు తన చిరునామాకే తెప్పిస్తానన్నారు. జవాబు రాలేదు.

“రెండేళ్ళు చూశాను నాయనా,” అన్నారు మంగమ్మగారు. “జవాబొస్తే ఆయన మాకు తపాలాలో పంపుతారని ఆశ. మంగళవారం, శుక్రవారం తపాలా మనిషి వచ్చీవాడు. అరుగుమీద కూర్చునేదాన్ని. ఆడికి నా ముఖం చూస్తేనే తెలిసిపోయీది. దూరం నుంచే తల అడ్డంగా తిప్పీవాడు, పాపం. మూడో ఏడు నాన్న పోయేరు. ఆకులు పట్టుకున్నాను. వాళ్ళెందుకు జవాబివ్వలేదా అని ఎన్నిసార్లు అనుకున్నానో. నా వయసు చాలదన్నారా, కులం చూశారా, నా రాత బాగులేదా. ఆ అర్జీ నేనే రాశాను మరి, విడి అక్షరాల్లో. ఆయన ఏదైనా రాసుకునుంటారు కదా, ఎందుకు కాదన్నారో. అది తెలిస్తే చాలు.”

ఆవిడకి కావలసింది అంతే. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందటి ఒక ‘కాదు’కి కారణం.

పని ప్రారంభానికి ముహూర్తం పెట్టారు. కాశీవిశ్వనాథంగారు కొబ్బరికాయ తెచ్చారు. ధర్మారావుగారింటి హాల్లో అనంతపద్మనాభంగారి నిలువెత్తు పటం, దానికి దండ. కాయ కొట్టబోతూ ఆయన నన్ను పక్కకి పిలిచి, “ఆవిడని కాయ కొట్టేక తీసుకురండి. వీధివేపు కాదు, సందువేపు నుంచి. శుభమా అని మొదలెడుతున్నాం కదా,” అన్నారు. సుభద్రను సృష్టించిన మహానుభావుడి పటం ముందు నిలబడి ఆ మాట అన్నారు. నేను కుక్కిన పేనులా వెళ్ళి ఆవిడని సందువేపు నుంచే తీసుకొచ్చాను. దీపం కింద చీకటి అంటే పుస్తకాల్లో చదివాను గాని, ఆ దీపానికి నూనె పోసేవాళ్ళలో నేనూ ఒకణ్ణని ఆరోజే తెలిసింది.

ఆవిడకి పెరటి వసారాలో చోటిచ్చారు. ఒకందుకు అదే మంచిదైంది, అక్కడ వెలుతురెక్కువ. పొద్దున్న తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఆవిడ చదివేవారు, నేను రాసేవాణ్ణి. స్కూలుకి నాకు సెలవిప్పించారు. ఆ కంఠంలో ఎత్తూ పల్లం ఉండేది కాదు. నవ్వించే చోటూ అదే గొంతు, ఏడిపించే చోటూ అదే గొంతు. మూడయ్యేసరికి కళ్ళమ్మట నీళ్ళు కారేవి. కొంగుతో అద్దుకుని, “ఇవి ఏడుపు నీళ్ళు కాదు, కంగారు పడకు,” అనేవారు.

వారం పోయాక నాకు కూర్చుని రాయడం విసుగనిపించి, ఆవిడ భుజం పక్కనుంచి పేజీలోకి తొంగిచూడటం మొదలెట్టాను. ఆవిడ పుస్తకం నావేపు జరిపారు.

“అక్షరాన్ని వెతక్కు,” అన్నారు. “అక్షరం కనబడదు. చెయ్యి ఎటు వెళ్ళిందో చూడు. ఇదిగో, ఇక్కడ కిందికి దిగి ఎడంవేపు తిరిగింది. అలా తిరిగితే అది ‘క’. తిరక్కుండా పోతే ‘త’. నీ వేలితో నువ్వూ దానెమ్మట వెళ్ళు.”

నా వేలు పట్టుకుని గీతమీద నడిపించారు. నలభై దాటిన తెలుగు మేష్టర్ని, ఓనమాలు దిద్దే పిల్లాడిలా కూర్చున్నాను. ఒక మాట దొరికితే “ఊఁ” అనేవారు. రెండు దొరికితే “శభాష్” అనేవారు. తప్పు చదివితే ఏమీ అనేవారు కాదు, నా వేలు వెనక్కి తీసుకొచ్చి మళ్ళీ మొదట్లో పెట్టేవారు. నేను ఇరవై ఏళ్ళలో ఏ పిల్లాడి వేలూ అంత ఓపికగా పట్టుకోలేదు. టీచరు కావలసిన మనిషి ఆవిడ. అది అప్పుడే నాకు బాగా తెలిసింది. ముప్ఫయ్యో రోజుకి నేను పేజీలకి పేజీలు తడుముకోకుండా చదవగలిగాను. ఆవిడ మొహాన మొదటిసారి నవ్వు చూశాను.

“నాకూ ఒక బడి ఉన్నాదన్నమాట,” అన్నారు. “ఒక్క పిల్లాడితో.”

ఈ సంగతి సంఘంవాళ్ళకి నేను చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదనుకున్నాను.

ముప్ఫై నాలుగో రోజున కీలక తెరిచాం. ఆవిడ తొందర పడలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆగిన మనిషికి ఇంకో రెండ్రోజులేమిటి. చైత్రం, వైశాఖం, వరసగా చదువుకుంటూ వచ్చారు. మూడోరోజు మధ్యాహ్నం ఒక పేజీ తిప్పి, మొదటి వరుస మీద ఆగారు. మళ్ళీ అదే గొంతుతో చదివారు. నేను రాస్తూనే ఉన్నాను, సగం దాకా.

ఆ పేజీ ఇది.

‘విశాఖపట్నం నుంచి జవాబు వచ్చినది. కూర్మనాథం కూతురిని చేర్చుకొందురట. అర్జీలోని దస్తూరీ చూచి సంతోషించినారట. జ్యేష్ఠములో పంపుమన్నారు. అమ్మకు చదివి వినిపించితిని. వితంతువును పరాయి ఊరు పంపిన ఇల్లని పేరుపడితే మన పిల్ల జగదీశ్వరిని ఎవరు చేసుకొందురని అడిగినది. బొబ్బిలి సంబంధము ఇంకను ఖాయము కాలేదు. ఉత్తరము పొయ్యిలో పెట్టితిని. జవాబు రాలేదని కూర్మనాథముతో చెప్పితిని. వాడు నమ్మినాడు. వాడు అంత తొందరగా నమ్మకపోయినా బాగుండును.’

దానికింద ఒక గీత. గీతకింద వేరే సిరాతో, ఎప్పుడో తరవాత రాసిన ఒక్క వరస: ‘ఈ దినము సుభద్ర కథ పూర్తిచేసితిని. సుభద్రను పంపించితిని.’

నా కలం ఆగిపోయింది. పెరట్లో ఎవరో గిన్నెలు తోముతున్నారు.

“రాసీవా?” అని అడిగారు మంగమ్మగారు.

“అమ్మా...”

“రాయలేదు. మళ్ళీ చదువుతాను, రాయి.” మళ్ళీ చదివారు. అదే గొంతు. ‘దస్తూరీ చూచి సంతోషించినారట’ అన్నచోట మాత్రం కొంచెం ఆగారు. “నా రాత బాగుందన్నారు,” అన్నారు నాకేసి చూసి. ఆ ఒక్కమాట అనేటప్పుడు ఆవిడ మొహం పదహారేళ్ళ పిల్ల మొహంలా అయిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

నేను కాగితం తీసుకుని హాల్లోకి వెళ్ళాను. అప్పుడే ధర్మారావుగారు కోర్టునుంచి వచ్చారు. కాశీవిశ్వనాథంగారు కూడా ఉన్నారు. ధర్మారావుగారు చదివి, కాగితాన్ని రెండుగా మడిచి, పెరటి వసారాలోకి వచ్చారు. మంగమ్మగారిని చిన్నప్పటినుంచీ ఎరిగినవారే, ఆవిడకి ఈ రాత వచ్చని మాత్రం తెలియదు. అక్కా అన్నట్టు అప్పా అని పిలుస్తారు.

“మంగప్పా, ఏటిదంతా? మా నాన్న ఇలా రాస్తారా?”

“రాసేరు బాబూ. అక్కడున్నాదే చదివేను.”

కాశీవిశ్వనాథంగారు గొంతు సవరించుకున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఎవరి మనసూ నొప్పించకుండా అబద్ధం చెప్పాలని చూసే మనిషి. “అమ్మా, మీకు కళ్ళు కనబడవు. నెలరోజులుగా నీళ్ళు కారతన్నా చదువుతన్నారు. ఎప్పటినుంచో మీ మనసులో ఉన్న బాధ ఒకటున్నాది. గీతలో ఏదో కనిపించి, మనసులోది నోటికొచ్చింది. ఎవరికైనా వస్తాది. దీనికి మిమ్మల్ని తప్పుపట్టం. ఈ పేజీ వదిలీసి తరవాతది చదవండి.”

మంగమ్మగారు తెరిచి ఉన్న పేజీమీద వేలు పెట్టారు.

“ఈ పేజీ నాకు కనబడలేదంటే, ఇంతకుముందు చదివిన ఆరు పుస్తకాలూ నాకు కనబడలేదు బాబూ. అవన్నీ నా మనసులోవే. ఆయన రాసినవని అచ్చెయ్యకండి. కొట్టీండి.”

ధర్మారావుగారు ప్లీడరు. రెండో సాక్షిని వెతుక్కున్నారు. పక్కకి తిరిగి నన్ను చూశారు.

“మేష్టారూ, మీరు నెలపైగా పక్కనే కూర్చున్నారు. మీకేమైనా పట్టుబడిందా ఈ రాత? ఒకసారి చూసి చెప్పండి. మీరు అవునంటే అవునంటాను.”

పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ పేజీలో ప్రతి అక్షరం నాకు అచ్చు అక్షరంలా కనబడుతోంది. ‘పొయ్యిలో పెట్టితిని’. చెయ్యి కిందికి దిగి, ఎటూ తిరక్కుండా పోయింది, ‘త’. కాశీవిశ్వనాథంగారు నాకేసి చూస్తున్నారు. ఆయన చూపులో బెదిరింపు లేదు. ఉండుంటే బహుశా నేను తెగించి ఉండేవాణ్ణి. ఉత్త నమ్మకం ఉంది. ఈ మేష్టారు మన మనిషే అన్న నమ్మకం. నా ఉద్యోగం, హాల్లో పటం, పదిహేనేళ్ళుగా గొంతు పూడిపోతూ చెప్పిన ఆ కథ, అన్నీ కలిసి నోటికి అడ్డం పడ్డాయి.

“నాకింకా పట్టుబడలేదండి,” అన్నాను. “నేను వినడమే గాని, చదవలేను.”

మంగమ్మగారు తలెత్తి నాకేసి చూశారు. కోప్పడితే బాగుండును. తిట్టినా బాగుండును. ఆవిడ కొంగుతో కళ్ళు అద్దుకుని, “సరే,” అన్నారు. ఏమీ కాని మామూలు మాటలాగే అన్నారు. “నేను అలిసిపోయేను బాబూ. ఇంక చదవలేను.”

మర్నాడు పొద్దున్నే రైలుకి బయల్దేరారు. సందువేపు నుంచే. నేను స్టేషనుదాకా వెళ్ళాను. దారిలో అడ్డాకులు ఎక్కణ్ణుంచి వస్తాయని అడిగాను. కొండమీంచి తెస్తారని చెప్పారు. రైలు కదిలేముందు కిటికీలోంచి, “మిగిలిన రెండూ జాగ్రత్త. తొమ్మిదో దాంట్లో సిరా వెలిసిపోయింది. వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని చదువు,” అన్నారు. చదవలేనని అందరి ఎదుటా చెప్పినవాడికి, ఎలా చదవాలో చెప్పి వెళ్ళారు.

నెల్లాళ్ళు ఆగాను. చెప్పిన అబద్ధం పాతబడాలి కదా. ఆ తరవాత కాశీవిశ్వనాథంగారి దగ్గరికి వెళ్ళి, ఇంట్లో కూర్చుని సాధన చేశాననీ, ఇప్పుడు కొంచెం కొంచెం పట్టుబడుతోందనీ చెప్పాను. ఆయన ఎంత సంతోషించారో! స్వయంకృషి అన్నారు. మిగతా రెండు పుస్తకాలూ నేనే చదివి, నేనే రాసి ఇచ్చాను. నవల నిజంగా గొప్పది. అది చెప్పకపోతే తప్పు. పొయ్యిలో ఉత్తరం పెట్టిన చెయ్యే ఆ నవల రాసింది. ఏడాదిగా ఈ రెంటినీ ఒకచోట పెట్టి చూడబోతే నా బుర్ర వేడెక్కుతోంది తప్ప ఏమీ తేలడంలేదు. ఆ పేజీకింద గీత గీసి మళ్ళీ ఆ ఒక్క వరస రాసుకున్న మనిషికీ ఏమీ తేలలేదేమో. ఆయన కనీసం రాసుకున్నాడు. నాకు ఆ మాత్రం ధైర్యం కూడా లేకపోయింది.

ఆరు పుస్తకాలూ మంగమ్మగారు చదివినవి చదివినట్టే అచ్చయ్యాయి. ఒక్క మాట మార్చలేదు. కీలక మాత్రం ‘శిథిలమైనందున వదలివేయబడినది’ అని ముందుమాటలో ఉంది. ఆ వాక్యం కూడా నాచేతే రాయించారు.

సభ అయిన వారానికి రామతీర్థం వెళ్ళాను. సంచిలో కొత్త సంపుటం ఉంది. దానికింద కీలక ఉంది. పుస్తకాలన్నీ ధర్మారావుగారికి తిరిగి ఇచ్చేయాల్సినవి, ఒక్కదాన్ని ఇంకా ఇవ్వలేదు.

ఆవిడ అదే అరుగుమీద ఉన్నారు. ఆకులు కుడుతున్నారు. కళ్ళు పూర్తిగా పోయాయి. అడుగుల చప్పుడు విని, “ఎవరూ?” అన్నారు. చెప్పాను. పుల్ల పక్కన పెట్టి, పక్కన చోటు తడిమి చూపించారు. సంపుటం చేతికిచ్చాను. బరువు చూశారు. అట్టమీద వేళ్ళు పోనిచ్చారు.

“ఆ పేజీ ఉన్నాదా?”

“లేదండి.”

ఊఁ అన్నారు. పుస్తకాన్ని జాగ్రత్తగా ఆకుల కట్ట పక్కన పెట్టారు, తడి తగలకుండా. ఏడ్చినా బాగుండునని మళ్ళీ అనిపించింది. ఆ మనిషి నాకు ఆపాటి సాయం ఎప్పుడూ చెయ్యలేదు.

సంచిలోంచి కీలక తీశాను. ఆ పేజీ తెరిచి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని, గట్టిగా చదివాను. ‘విశాఖపట్నం నుంచి జవాబు వచ్చినది’ దగ్గర్నుంచి. తడుముకోలేదు. ‘దస్తూరీ చూచి సంతోషించినారట’ అన్నప్పుడు ఆవిడ పెదవులు నాతోపాటు కదిలాయి. ‘వాడు అంత తొందరగా నమ్మకపోయినా బాగుండును’ అని ఆగితే, “ఇంకా ఉన్నాది. గీతకింద,” అన్నారు. గీతకిందదీ చదివాను.

ఆవిడ చెయ్యి చాపి, నా చెయ్యి దొరికించుకుని, చూపుడువేలు పట్టుకున్నారు. అప్పుడు గీతమీద నడిపించినట్టే.

“బాగా చదివీవు,” అన్నారు. “ఎక్కడా తప్పు పోలేదు. ఎవరు నేర్పేరు బాబూ?”

“మీరేనండి,” అన్నాను. ఆ మాట వినడానికి అక్కడ ఆవిడ తప్ప ఎవరూ లేరు.